చివరి గింజ పడేదాకా

మొన్న ఎన్నికలకు ఇంకా రెండు మూడు రోజులుందనగా మా కుటుంబం వాట్సప్ గ్రూపులో రవి ఒక పోల్ పెట్టాడు. రవి మా కాక కొడుకు, ఖైరతాబాద్‌లో ఉంటాడు. మంచివాడే. కాకపోతే ఏ సంగతైనా అరగంటలో తేలిపోకపోతే వాడికి నిద్ర పట్టదు. "శకుంతలత్తను గీ ఎండల ఓటెయ్యనీకి తీస్కపోవాల్నా, వద్దా?" అని వాడి ప్రశ్న. శకుంతలత్త మా ఇద్దరికీ మేనత్త. ఎనభై దాటింది, నాంపల్లిలో నా దగ్గరే ఉంటుంది. మోకాళ్ళు ఎప్పుడో మొండికేశాయి గాని, అధికారులు ఇంటికే వచ్చి ఓటు తీసుకుపోయేంత వయసు మాత్రం ఇంకా రాలేదు. ఆమె కళ్ళద్దాలు వెతుక్కుని, చీర కొంగుతో తుడుచుకుని, ఫోను చేతిలోకి తీసుకునేసరికి కాచిగూడ వాళ్ళూ హిమాయత్‌నగర్ వాళ్ళూ అందరూ 'వద్దు' నొక్కేశారు. "అత్త కూడా వద్దనే అంటది, ఫికర్ చెయ్యకుండ్రి" అని కింద ఎవరో రాశారు కూడా.

నేను వంటింట్లో ఉన్నాను. ఆమె ఫోను పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. "పద్మా, గిది తేలిపోయినట్టేనా?" అని అడిగింది. తేలిపోయినట్టే ఉంది అత్తా అన్నాను. "నేను ఇంకా ఎయ్యనేలేదు గదనే" అంది. కోపంగా అనలేదు. ఫోను బోర్లా పెట్టి, తాడు మీద ఆరిన బట్టలు తెచ్చుకుని మడత పెట్టడం మొదలుపెట్టింది. ఆ బట్టలు మడిచే తీరు నాకు కొత్త కాదు. ఎవరో తన సంగతి తేల్చేసిన తర్వాత ఆమె నిశ్శబ్దంగా పనిలో పడడం నేను ఇంతకు ముందు ఒకసారి చూశాను. ఇక్కడికి రెండు గల్లీల అవతల, స్టేషన్‌కు దగ్గరగా ఉన్న మా పాత కిరాయి ఇంట్లో, నేను రెండు జడలు వేసుకుని బడికి పోయే రోజుల్లో.

ఆ ఇంటి గురించి చెప్పాలంటే ముందు దాని గడియారాల గురించి చెప్పాలి. గోడకు ఉన్నది ఒక్కటే, అదీ తోచినప్పుడు నడిచేది. నేను చెప్పేది మనుషుల గడియారాలు. మా బాపు గూడ్స్ బండ్ల గార్డు. పిలుపు వస్తే తన ఇనప పెట్టె, జెండాలు, దీపం పట్టుకుని పోయేవాడు. మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. కాజీపేట దగ్గర సిగ్నల్ ఇవ్వకపోతే ఆ పూట అక్కడే, వికారాబాద్ దగ్గర ఇంజను మొరాయిస్తే ఆ రోజు అక్కడే. శకుంతలత్త టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. ఒక వారం తెల్లవారుజామున పోతే, ఇంకో వారం మధ్యాహ్నం, ఇంకో వారం పొద్దుగూకినాక. కాక ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో సేల్స్‌మన్, మధ్యాహ్నం అన్నానికి నడుచుకుంటూ వచ్చి, తిని, కొత్త బట్టల గంజి వాసన ఇంట్లో వదిలి మళ్ళీ పోయేవాడు. నానమ్మ పాలవాడి కంటే ముందు లేచి, మేమంతా అన్నాలు తినే వేళకు నిద్రపోయేది. ఒకరికి పొద్దున కిచిడీ అయితే అదే గంటకు ఇంకొకరికి రాత్రి భోజనం. ఆ ఇంట్లో పొయ్యి చల్లారడం నేను చూడలేదు. ఇన్ని వేళల మధ్య అమ్మ ఎప్పుడు తినేదో ఎవరూ అడిగినట్టు కూడా గుర్తు లేదు.

ఇలాంటి ఇంట్లో అందరూ ఒకచోట కూర్చుని ఏదైనా మాట్లాడుకోవడం అయ్యే పని కాదు. తాత పోయిన తర్వాత ఇంటి పెత్తనం నానమ్మ చేతికి వస్తే ఆవిడ దాన్ని ముట్టుకోనంది. "నేనొక్కదాన్ని చెప్పితే రేపు అందరు కల్సి నన్నే తిడుతరు. అందరు చెప్పున్రి, అప్పుడు ఎవర్ని తిట్టాల్నో ఎవనికి తెల్వది" అంది. అలా మొదలైంది మా ఇంట్లో జాడీ ఓటు. అది పాత తొక్కు జాడీ, మెడ సన్నగా, పొట్ట లావుగా ఉండేది. ఎన్నిసార్లు కడిగినా ఆవపిండి, మామిడికాయ వాసన పోలేదు. దాన్ని సామాన్ల అర్రలో గూటిలో పెట్టి, పక్కన రెండు గిన్నెల్లో చింతగింజలూ శనగలూ పోసేవారు. ఔనంటే చింతగింజ, వద్దంటే శనగ. ఒక్కొక్కరు ఒంటరిగా లోపలికి పోయి, తమ గింజ వేసి, జాడీ మూతికి బట్ట కట్టి రావాలి. పెద్దలందరికీ ఓటు, పిల్లలకు ఏడో తరగతి పాసయ్యాకే. ఎవరి సంగతి మీద ఓటు పెడుతున్నామో వాళ్ళకు మాత్రం ఉండదు. రేడియో కొనాలా, గోడలకు సున్నం ఈ ఏడు వేయాలా, ఎగ్జిబిషన్‌కు ఏ రోజు పోవాలి, అన్నీ ఆ జాడీలోంచే బయటికి వచ్చేవి.

నాకింకా ఓటు రాని రోజుల్లో అదొక ఆట. అర్ర గోడకు చెవి ఆనించి వినేదాన్ని. చింతగింజ పడితే టక్కుమనేది, శనగ పడితే కాస్త మెత్తని చప్పుడు. ఈ లెక్కన జాడీ తెరవకముందే ఫలితం చెప్పి నా గొప్ప చూపించుకునేదాన్ని. ఇప్పుడు టీవీలవాళ్ళు సూట్లు వేసుకుని చేసే పని అదే. నానమ్మ రెండు మూడుసార్లు ఊరుకుని, తర్వాత తాత పాత ధోవతి ముక్క ఒకటి నాలుగు మడతలు పెట్టి జాడీ అడుగున వేసింది. దాంతో నా వ్యాపారం మూతపడింది.

అన్నిటికంటే గట్టి నియమం ఇంకొకటుంది. ఓటున్న చివరి మనిషి గింజ వేసేదాకా జాడీ విప్పకూడదు. ఆ చివరి మనిషి ఎప్పుడూ బాపే. రేడియో కొనే సంగతి అలాగే రెండు రోజులు గూట్లో కూర్చుంది. బాపు బండి ఎక్కడో నిలిచిపోయింది. కాక విసుక్కుంటూ దుకాణానికి పోయేవాడు, విసుక్కుంటూ వచ్చేవాడు. చివరికి బాపు వచ్చాడు. డీజిల్ పొగ, కిరసనాయిలు కలిసిన ఆయన వాసన ముందు వాకిట్లోకి, ఆ వెనక ఆయన లోపలికి. స్నానం చేశాడు, అన్నం తిన్నాడు, ఆకు వక్క నమిలాడు, మేమంతా చూస్తుండగా తీరిగ్గా అర్రలోకి పోయాడు. ఆయన మాటలు తక్కువ మనిషి. ఆయన ఏమనుకుంటున్నాడో ముఖం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. అయినా అందరూ చెప్పేవాళ్ళు. "అన్నకు ఇష్టం లేదు", "ఆయనకు కోపమొచ్చింది" అని ఆయన లేనప్పుడు ఆయన మనసు ఇంట్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు చదివేవాళ్ళు. శకుంతలత్త మొదటిసారి ఎక్స్‌ఛేంజి ఉద్యోగంలో చేరి పొద్దుగూకినాక డ్యూటీకి పోయినప్పుడు బాపు రెండు రోజులు నోరు విప్పలేదు. అది కోపమేనని ఇల్లంతా నిర్ధారించుకుంది. ఆయన్ని అడిగినవాళ్ళు లేరు.

శకుంతలత్తకు పెళ్ళి మాట ఒకటి రెండుసార్లు వచ్చి ఆగిపోయింది. తర్వాత ఆమే ఆ మాట ఎత్తనివ్వలేదు. ఆమె ప్రాణమంతా కాల్స్ కలిపే ఆ బోర్డు మీదే ఉండేది. విదేశాల కాల్స్ అప్పుడు బొంబాయి మీదుగా పోయేవి. ఈమె బొంబాయి ఆపరేటరును పిలిస్తే, బొంబాయి వాళ్ళు లండన్‌నూ న్యూయార్క్‌నూ పిలిచేవాళ్ళు. "వంటింటి గుమ్మం కాడ నిలబడి వాసన చూసినట్టుంటది నా పని. తినేటోళ్ళు బొంబాయిల కూసున్నరు" అనేది. అన్నం తింటూ తింటూ ఆగి, "ఇప్పుడు లండన్ల పొద్దున చాయ్ తాగుతుంటరు" అనేది. "జపాన్ల పిల్లలు బడి నుంచి ఇంటికొస్తుంటరు" అనేది. మా గోడ గడియారం నడవకపోయినా ప్రపంచంలో అన్ని గడియారాలూ ఆమె తలలో నడిచేవి. అలాంటి మనిషికి బొంబాయి ఓవర్సీస్ ఎక్స్‌ఛేంజికి బదిలీ మీద పోయే అవకాశం వచ్చింది. ఇష్టమా కాదా రాసివ్వాలి. ఇష్టం లేదంటే ఆ చోటు ఇంకొకరికి పోతుంది, మళ్ళీ ఈమె దాకా రాదు.

ఆడమనిషి ఒంటరిగా అంత దూరం పోయి హాస్టల్లో ఉండడమనేది మా గల్లీలో ఎవరూ విననిది. నానమ్మ ఏడవలేదు, అరవలేదు. జాడీ దింపి తుడిచింది. "నీకు ఒప్పుదలేనా బిడ్డా?" అని అడిగింది. "అందరి సంగతులు దీంట్ల ఏసినం. నాది ఎందుకు ఏసుకోను?" అంది శకుంతలత్త. ఆమె ఒకసారి మాటంటే మారదు. జాడీ ఏం చెబితే అదే రాసిస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఏడే నేను ఏడో తరగతి పాసై ఓటు తెచ్చుకున్నాను. నా మొదటి ఓటు అది. అర్రలో చీకట్లో రెండు గిన్నెల ముందు నిలబడి నేను ఏమీ ఆలోచించలేదు. ఆమె బొంబాయి పోతే నాకొకసారి సముద్రం చూపిస్తుందనుకుని చింతగింజ వేశాను. నానమ్మ వేసింది, అమ్మ వేసింది, కాక వేశాడు. బాపు బండి మీద ఉన్నాడు. జాడీ మూతికి బట్ట కట్టి, ఎదురు చూస్తున్నాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో వాళ్ళ పెద్ద ఎన్నికలు వచ్చాయి. శకుంతలత్తకు అప్పుడు పొద్దుటి డ్యూటీ. మనకు పొద్దున అంటే వాళ్ళకు అంతకు ముందు రోజు రాత్రి. పత్రికలవాళ్ళు, వ్యాపారులు, అక్కడ చుట్టాలున్నవాళ్ళు ఒకరి మీద ఒకరు కాల్స్ బుక్ చేసుకుంటే ఆమెకు మంచినీళ్ళు తాగే తీరిక లేకపోయిందట. మధ్యాహ్నం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, గొంతు బొంగురుపోయి, మాకు చెప్పింది. ఆ దేశంలో ఒక్క గడియారం సరిపోదు, తూర్పున చీకటి పడి గంటలు గడిచినా పడమట ఇంకా వెలుతురే. తూర్పు వాళ్ళ పెట్టెలు ముందు తెరిచి, ఎవరు గెలిచారో టీవీలో చెప్పేశారు. పడమట వాళ్ళు ఇంకా లైన్లలోనే ఉన్నారు. చెవిలో రేడియో పెట్టుకున్నవాళ్ళు విని పక్కవాళ్ళకు చెప్పారు, కొంతమంది లైను వదిలేసి ఇళ్ళకు పోయారు. బొంబాయి ఆపరేటరు ఆమెకు చెప్పిన మాటలివి. "నిలబడ్డోళ్ళు నిలబడ్డట్టే వాపస్ పోయిన్రంట వదినె. ఏందో నా పాణమే గుంజినట్టయింది" అని అమ్మతో అంది.

కాక కూడా అప్పుడే అన్నానికి వచ్చాడు. ఆయన ఈ కథలో ఇంకో సంగతి పట్టుకున్నాడు. "అంత పెద్ద దేశమే ఆగలేదు, మనమెందుకు ఆగాలె? అక్క రేపు పొద్దుగూకే వరకు రాసియ్యాలె. అన్న బండి ఎప్పుడొస్తదో ఎవనికెరుక?" అంటూ లేచి అర్రలోకి పోయి జాడీ తెచ్చాడు. "మూడు ఒక్క దిక్కు పడ్డయంటే అన్న ఓటుతోటి పనేముంది? లెక్క లెక్కనే గదా" అన్నాడు. లెక్క ప్రకారం ఆయన తప్పు చెప్పలేదు. ఐదు ఓట్ల ఇల్లు మాది. నానమ్మ వద్దనలేదు, నాకు అది ఇప్పటికీ ఆశ్చర్యమే. రెండు రోజుల ఎదురుచూపుతో ఆవిడ కూడా అలిసిపోయి ఉంటుంది. కాక బట్ట విప్పి, జాడీ చాప మీద బోర్లించాడు. ధోవతి ముక్కతో పాటు మూడు శనగలు, ఒక చింతగింజ బయట పడ్డాయి.

ఆ ఒక్క చింతగింజ ఎవరిదో చెప్పక్కర్లేదు. శకుంతలత్త ఒకసారి నా వైపు చూసి చిన్నగా నవ్వింది. తర్వాత కంచంలో మిగిలిన అన్నం మెతుకు వదలకుండా తినేసి, కంచం కడిగి బోర్లించి, "సరే" అంది. తాడు మీది బట్టలు తెచ్చుకుని మడత పెట్టింది. ఆమె ఏడ్చి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో. గోడకు చెవి పెట్టి ఫలితాలు చెప్పి మురిసిపోయినదాన్ని, ఫలితమంటే ఇలా ఉంటుందని అప్పుడు తెలుసుకున్నాను.

మర్నాడు పొద్దున ఆమె డ్యూటీకి పోయింది. పోయేటప్పుడు, డ్యూటీ దిగేముందు ఇష్టం లేదని రాసిచ్చి వస్తానని నానమ్మతో చెప్పింది. ఆమె పోయిన కాసేపటికి బాపు వచ్చాడు. ఇనప పెట్టె దించి, స్నానం చేసి, అన్నానికి ముందే అర్రలోకి పోయాడు. వెంటనే బయటికి వచ్చాడు. "జాడీ ఏది?" అని అడిగాడు. అది వంటింట్లో మూలన బోర్లించి ఉంది. జరిగింది అమ్మ చెప్పింది. బాపు గడప మీద కూర్చున్నాడు. మేమంతా ఆయన ముఖం చూస్తూ, అలవాటు ప్రకారం, కోపం వచ్చిందనుకున్నాం.

"అమ్మా, నువ్వు శనగ ఎందుకేసినవ్?" అని అడిగాడు. ఎవరు ఏం వేశారో అడగకూడదు, అదీ నియమమే. కాని ఆ రోజు ఎవరూ గుర్తు చేయలేదు.

"నువ్వు వద్దంటవని ఏసిన. నీకు ఇష్టం లేని పని నేనెట్ల ఔనంట కొడకా?" అంది నానమ్మ.

"నువ్వో?"

"మీరు వద్దంటరనే" అంది అమ్మ, తల వంచుకుని.

"నా ఓటు మీరందరు ఏసేసిన్రు. మరి మీ ఓటు ఎవరెయ్యాలె?" అన్నాడు బాపు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడడం నేను తక్కువ సార్లు విన్నాను. అన్నం తినకుండానే లేచాడు. చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని, నన్ను చూసి "రా బిడ్డా" అన్నాడు. బడి సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా నడిచాం. స్టేషన్ ముందు రిక్షాలు, లాడ్జీల కింద చాయ్ బండ్లు, పెద్ద పోస్టాఫీసు ముందు అర్జీలు రాసేవాళ్ళు, అన్నీ దాటుకుంటూ ఆయన తన ధోరణిలో నడుస్తున్నాడు, నేను పక్కన పరుగు. మధ్యలో ఒకచోట ఆగి ఒక దీపస్తంభం వైపు చూశాడు. "గీడ ఒకప్పుడు లైటు లేకుండె" అన్నాడు. అంతే, మళ్ళీ నడిచాడు. దాని అర్థం నాకు తర్వాత తెలిసింది. శకుంతలత్త మొదటిసారి పొద్దుగూకినాక డ్యూటీకి పోయిన ఆ రెండు రోజులూ ఆయన మాట్లాడకుండా ఉన్నది ఎందుకంటే, ఆమె దారిలో ఎక్కడెక్కడ లైట్లు లేవో నడిచి చూసుకుంటున్నాడు. చూసి, వార్డు ఆఫీసు చుట్టూ తిరిగి లైట్లు పెట్టించాడు. ఇంట్లో చెప్పలేదు. చెప్పాలని ఆయనకు తోచదు, అడగాలని మాకు తోచలేదు.

ఎక్స్‌ఛేంజి లోపలికి బయటివాళ్ళను పోనివ్వరు, కాక దుకాణంలో గల్లాపెట్టె పక్కన ఫోనుండేది. సేటు ఇంకా రాలేదు. బాపు లోపలికి రావడం చూసి కాక చేతిలోని చీర అలాగే వదిలేశాడు. "ఎక్స్‌ఛేంజికి కలుపు. చెల్లెతోటి మాట్లాడాలె" అన్నాడు బాపు. కాక నంబరు తిప్పి, అటునుంచి వచ్చిన గొంతుతో శకుంతలమ్మ కావాలని చెప్పి, ఫోను బాపు చేతికిచ్చాడు. ఆపరేటర్లందరూ ఒకరికొకరు తెలుసు. కాసేపటికి ఆమె వచ్చింది. ఎప్పటిలాగే ఇంగ్లీషులో ఎవరు కావాలని అడిగింది, ఆ స్పష్టమైన గొంతు నాకూ వినిపించింది.

"చెల్లె, నేను."

ఆమె ఏదో అంది.

"నువ్వు ఏం రాయకు" అన్నాడు బాపు.

"అయిపోయింది గదన్నా" అని ఆమె అన్నదట. తర్వాత తనే చెప్పింది.

"నేను ఇంకా ఎయ్యలేదు గదా. ఎట్ల అయిపోతది?" అన్నాడు బాపు. "నాది చింతగింజ. మంది ఏమన్న ఎయ్యని. నేను ఔననుకున్న. నీకు చెప్దామని వచ్చిన."

దుకాణంలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు ఆమె గొంతు వచ్చింది, డ్యూటీ గొంతు తెచ్చిపెట్టుకుని, "మూడు నిమిషాలు అయినయ్, పొడిగించాల్నా?" అని అడిగింది. ట్రంక్ కాల్స్‌కు అడిగే మాట అది. ఉన్న ఊళ్ళోనే మాట్లాడుకునేదానికి ఎవరూ అడగరు.

"పొడిగించు" అన్నాడు బాపు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడడం అదే మొదటిసారి. నేనూ ఏడ్చాను, ఎందుకో అప్పుడు సరిగ్గా తెలియదు. ఇక వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకోలేదు, ఫోను మాత్రం పెట్టేయలేదు. కాక చీర తీసి మడతబెడుతూ, తీస్తూ, మళ్ళీ మడతబెడుతూ నిలబడ్డాడు. బాపు ఫోను పెట్టేశాక ఆయన నోరు విప్పాడు, "అన్నా, నేను గూడ నువ్వు వద్దంటవనే ఏసిన" అని.

మధ్యాహ్నం నానమ్మ జాడీ మళ్ళీ తుడిచింది. ఓటు చెల్లదు, మళ్ళీ వేయాలి అంది. శకుంతలత్త ఆ పూట సెలవడిగి, ముందే ఇంటికొచ్చి, వాకిట్లో నీళ్ళ తొట్టి దగ్గర కూర్చుంది. ఒక్కొక్కరమే లోపలికి పోయి వచ్చాం. ఈసారి బాపు అందరికంటే ముందు వేసి, బయటికి పోయి గల్లీ మొగలో నిలబడ్డాడు, తన ముఖం చూసి ఎవరూ ఏమీ చదవకుండా. చివరికి నానమ్మ వేసింది. జాడీ బోర్లిస్తే నాలుగు చింతగింజలు, ఒక శనగ వచ్చాయి.

"ఆ శనగ నాది" అంది నానమ్మ, ఎవరూ అడగకముందే. "నాకు భయమైతది బిడ్డా. ఔనని నేను ఎయ్యలేను. కని ఈసారి నాది నేనే ఏసుకున్న." శకుంతలత్త లేచి వచ్చి నానమ్మను పట్టుకుంది. ఆ ఒక్క శనగ మీద ఆమెకున్నంత గౌరవం నాలుగు చింతగింజల మీద కూడా లేదని చాలాసార్లు చెప్పింది నాతో. ఆ రోజు పొద్దుగూకకముందే ఎక్స్‌ఛేంజికి తిరిగి పోయి, ఇష్టమేనని రాసిచ్చి వచ్చింది. బొంబాయి పోయే రోజు నానమ్మ కట్టిచ్చిన తొక్కు చూస్తే హాస్టలంతా నెల తినేంత ఉంది. నాంపల్లి ప్లాట్‌ఫారం మీద రైలు కదులుతుంటే బాపు మా అందరి వెనక నిలబడి ఉన్నాడు, ఏమీ మాట్లాడకుండా. ఈసారి ఆయనకు కోపమొచ్చిందని ఎవరూ అనలేదు.

ఆమె రిటైరయ్యేదాకా బొంబాయిలోనే ఉంది. నన్ను సముద్రానికి తీసుకుపోయింది కూడా. నానమ్మ, బాపు, అమ్మ, కాక ఒకరి తర్వాత ఒకరు పోయారు. జాడీ నా దగ్గరుంది, అటక మీద. ఇప్పుడు అందులో గింజలు వేసేవాళ్ళు లేరు, ఫోనులో నొక్కితే సరిపోతుంది. తప్పు పట్టడం లేదు. అమ్మ ఆ పొయ్యి ముందు ఎన్ని వేళలు కూర్చున్నదో తలుచుకుంటే ఆ కాలం తిరిగి రావాలని నేనెన్నడూ అనుకోను. కాని అప్పుడు మనిషి కోసం ఆగడమనేది ఒకటి ఉండేది. ఇప్పుడు అమెరికా ఫలితాలు వచ్చే పొద్దున టీవీ పెడితే, పటం మీద ఒక వైపు రంగులు నిండుతుంటాయి, ఇంకో వైపు జనం ఇంకా లైన్లలో ఉంటారు. శకుంతలత్త ఆ పటం ఎడమ చివర, పడమటి వైపే చూస్తూ కూర్చుంటుంది. మన దేశం సంగతి వేరే. గడియారం ఒక్కటే అయినా ఎన్నికలు విడతలు విడతలుగా జరుగుతాయి. మనం వేసి వేలి మీద సిరా మాసిపోతున్నా ఎక్కడో చివరి విడతలో చివరి మనిషి వేసేదాకా పెట్టెలు తెరవరు, ఎవరు గెలుస్తారో టీవీలో అంచనాలు కూడా చెప్పనివ్వరు. అందరూ ఇంత ఆలస్యమేమిటని విసుక్కుంటారు. శకుంతలత్త మాత్రం మన సర్కారు చేసే పనుల్లో తనకు పూర్తిగా నచ్చింది ఇదొక్కటే అంటుంది.

ఓటింగ్ రోజున ఎండ దిగేదాకా ఆగి, ఆటో మాట్లాడుకుని ఇద్దరం బయలుదేరాం. ఎవరికీ చెప్పలేదు. నాంపల్లిలో ఆ బడి గేటు దగ్గరికి చేరేసరికి మూసే వేళ అవుతోంది, లోపల ఆడవాళ్ళ లైను ఇంకా పొడుగ్గానే ఉంది. కానిస్టేబుల్ ఆమెను చూసి, "అమ్మా, పెద్దోళ్ళకు లైన్ లేదు, మీరు సీదా ముందుకు పోండ్రి" అన్నాడు. "నేను లైన్లనే ఉంట బిడ్డా, జర కుర్సీ ఇప్పియ్యి చాలు" అంది. కుర్చీ తెచ్చి లైను చివర వేశాడు. ఆమె ముందు నేను, నా ముందు బుర్కా వేసుకున్న తల్లీకూతుళ్ళు. మా వెనక గేటు మూశారు. లోపలున్న వాళ్ళందరికీ చీటీలు ఇవ్వడానికి ఒక ఆఫీసరు వచ్చాడు. లైను ముందు నుంచి మొదలుపెడతాడనుకుంటే, నడుచుకుంటూ మా దాకా వచ్చాడు. "ఎనుక నుంచే ఇస్తమమ్మా. చివరి మనిషిదే ఒకటో నంబరు" అని శకుంతలత్త చేతిలో చీటీ పెట్టాడు.

ఆమె ఆ చీటీని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసుకుంది. "మా అన్న ఉండాల్సిండె" అంది. కుర్చీ జరుపుకుంటూ, కూర్చుంటూ, లేస్తూ, లైనుతో పాటు ముందుకు పోయాం. లోపల చీటీ తిరిగి ఇచ్చేటప్పుడు ఆమెకు మనసొప్పలేదు, ఆఫీసరుకు కనబడకుండా నేను నవ్వు ఆపుకున్నాను.

ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి, కళ్ళద్దాలు వెతుక్కుని, తుడుచుకుని ఫోను తీసింది. రవి పెట్టిన పోల్ దాకా పైకి జరుపుకుంటూ పోవడానికి చాలాసేపు పట్టింది. నేను సాయం చేయబోతే చెయ్యి తోసేసింది. ఆ సిరా వేలితో 'పోవాలె' అన్న చోట గట్టిగా నొక్కింది. అన్ని 'వద్దు'ల ఎదురుగా అది ఒక్కటే పడింది. రవి వెంటనే రాశాడు, "అత్తా, గది ఎప్పుడో అయిపోయింది గదా, ఇప్పుడెందుకు నొక్కినవ్?" అని. ఆమెకు టైపు చేయడం రాదు. మైకు గుర్తు మీద వేలు పెట్టి, బొంబాయి బోర్డు మీద ప్రపంచాన్నంతా కలిపిన ఆ గొంతుతో, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది.

"నేను ఇంకా ఎయ్యలేదు గదా రవీ. ఎట్ల అయిపోతది?"